మూడో చరణం

మా ఆయన ఆ బ్యాండును ఎంత ప్రేమిస్తారంటే, వాళ్ళు చేసిన ఒక్క పనీ ఆయనకు నచ్చదు.

వేళాకోళానికి అంటున్న మాట కాదిది. పెళ్ళయిన కొత్తలో నాకూ అర్థం కాక, "అంత నచ్చనప్పుడు వినడం ఎందుకండీ?" అని అడిగాను. "పక్కింటి పిల్లాణ్ణి తిడతామా ఏంటే? మన పిల్లాణ్ణే తిడతాం," అన్నారు. ఆ బ్యాండుకు లక్షణమైన పేరొకటి ఉంది. మా ఇంట్లో మాత్రం దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, "మనవాళ్ళు" అంటారు. మనవాళ్ళు కొత్త పాట వదిలారు, మనవాళ్ళకు మతి పోయింది, మనవాళ్ళు ఈసారి నిండా మునిగారు. కొత్తగా వినేవాళ్ళు ఎవరో దగ్గర చుట్టాల సంగతి అనుకుంటారు.

సోఫాలకూ కారు సీట్లకూ గుడ్డ మార్చే వర్క్‌షాపు మాది. కింద పని, పైన కాపురం. ఆయన పాత గుడ్డ ఊడదీసి, ఫోమ్ కోసి, కొత్తది బిగిస్తారు. కుట్టుపని నాది. సెలవురోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి ముగ్గురు మగాళ్ళు అక్కడ సభ తీరుస్తారు. ఒకరు మా ఆయన. రెండోవాడు మా తమ్ముడు, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పని, కంప్యూటరు మీద చెయ్యి తిరిగినవాడు. మూడో ఆయన వీధి చివర కళ్ళజోళ్ళ షాపాయన. పాటలో ఎంత చిన్న తప్పు దొర్లినా పట్టేస్తాడని మా ఆయన ఆయనకు భూతద్దం అని పేరు పెట్టారు. పెట్టిన పేరు ఎంత అతికిందంటే ఆయన భార్య కూడా ఫోన్ చేసి, "భూతద్దం ఉన్నారా అక్కడ?" అనే అడుగుతుంది.

కూర్చోవడం కస్టమర్ల సోఫాల మీదే. గుడ్డ ఊడదీసిన సోఫాలో స్ప్రింగులు గుచ్చుకుంటున్నా సరే, మనవాళ్ళు డ్రమ్ములాయన్ని మార్చి మంచిపని చేశారా చెడ్డపని చేశారా అన్నది తేలేదాకా లేవరు. బ్యాండు నడిపేది, పాటలు రాసేది, గిటారు వాయించేది ఒక్కడే. వీళ్ళ భాషలో ఆయన పెద్దగిటారు. పెద్దగిటారు నెమ్మది పాటతో కచేరీ ఎందుకు మొదలుపెట్టాడు? ఆ వయోలిన్ ఎందుకు ఇరికించాడు? తనే పాడాల్సిన పాట ఇంకొకడికి ఎందుకిచ్చాడు? ఈ ముగ్గురిలో ఒక్కరికీ గిటారు ఎటు పట్టుకోవాలో తెలియదు. కానీ తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

వాదనతో ఆగితే నాకూ బాధ లేదు. మిగతా అభిమానులు తిట్టి ఊరుకుంటారు, మావాళ్ళు సరిచేస్తారు. కొత్త ఆల్బమ్ రాగానే ముగ్గురూ కూర్చుని దిద్దుబాటు మొదలుపెడతారు. ఏ పాట ముందుండాలి, ఏది వెనక్కి పోవాలి, ఎక్కడ సాగదీశారు, ఎక్కడ కొయ్యాలి అని తేల్చుకుంటారు. "గుడ్డ మిగిలితే మడత పడుతుంది. మడత పడితే కూర్చున్నవాడికి గుచ్చుకుంటుంది. కోసెయ్," అంటారు మా ఆయన. తమ్ముడు కోసేస్తాడు. అతుకు తెలియకుండా అతికించడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. అలా దిద్దిన పాటలే మా ఇంట్లో మోగుతాయి, వర్క్‌షాపులో మోగుతాయి, ఫోన్లలోకి ఎక్కుతాయి. అసలు సీడీలు అట్టపెట్టెలోకి, అట్టపెట్టె అటక మీదికి.

ఈ దిద్దుబాట్లలో వాన పాట ఒకటి. చాలా పాత ఆల్బమ్‌లో చివరి పాట అది. రేడియోలో రాలేదు, కచేరీల్లోనూ వాళ్ళు ఎప్పుడూ పాడలేదు. బయట వాన. గుమ్మంలో ఒకామె నిలబడి ఒక మనిషి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి చరణంలో వాన మొదలవుతుంది, రెండో చరణంలో వీధి ఖాళీ అవుతుంది. మూడో చరణం కూడా ఒకటి ఉండేది. దాన్ని మా ఆయన తీసేయించారు. "ఎదురుచూపు పాటలో మనిషి వచ్చేస్తే ఇంకేముంది? పాట చచ్చిపోతుంది," అన్నారు. నేనప్పుడు చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కుడుతున్నాను. ఏదో కోశారు, రోజూ కోసేదేగా అనుకుని ఆ సంగతే మరిచిపోయాను.

ఆ చంటిపిల్లే మా అమ్మాయి. ఇప్పుడు మందుల షాపులో కౌంటర్ దగ్గర పని చేస్తోంది. దానికి పాట నేర్పించింది ఎవరూ లేరు. మా ఇంట్లో పొద్దస్తమానం మోగే పాటలు విని విని దానంతట అదే పట్టుకుంది. గొంతు మంచిదని చుట్టుపక్కలవాళ్ళు అంటారు. వాళ్ళ నాన్న మాత్రం ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే ఎప్పుడూ వినలేదు. అది గొంతు కలిపితే చాలు, "కాస్త ఆపవే, వాళ్ళు వాయించేది వినపడట్లేదు," అనేవారు. ఆగేది పాపం. అన్నిటికన్నా దానికి ఇష్టమైంది వాన పాట. బట్టలు ఆరేస్తూ, మెట్లు తుడుస్తూ అదే పాడుకునేది.

ఇలా ఉండగా బ్యాండులో రెండో గొంతుగా పాడే ఆవిడ మానేసింది. ఎందుకు మానేసిందో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం మా సభకు మరీ మంచిదైంది. పెద్దగిటారు ఒక ప్రకటన చేశాడు. పాడగలిగినవాళ్ళు ఎవరైనా రావచ్చు, మా పాటల్లో నచ్చినదొకటి పాడి వినిపించండి అని.

"దారినపోయే వాళ్ళని పిలుస్తారా? అదేమన్నా లిఫ్టా, ఎవరు పడితే వాళ్ళు ఎక్కడానికి?" అన్నాడు తమ్ముడు.

"ఆవిడ కాళ్ళావేళ్ళా పడి వెనక్కి తెచ్చుకోవాల్సింది," అన్నాడు భూతద్దం.

"ఇప్పుడు ఎవర్ని తీసుకున్నా తప్పే. నేను ముందే చెప్తున్నా," అని మా ఆయన తీర్పు చెప్పారు. నెట్‌లో అభిమానులందరూ రాసుకునే పేజీ ఒకటుంది. అక్కడ కూడా అదే రాశారు. ఆ పేజీలో ఆయన మాటకు విలువ ఎక్కువ. ఇంట్లో పప్పుకు ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తేల్చుకోలేని మనిషి రాసిన ముక్కకు వందలమంది తలలూపుతారు.

ఆ సాయంత్రం అమ్మాయి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మా, నేను పేరిచ్చాను."

"దేనికి?"

"మనవాళ్ళకి. రమ్మన్నారు. నాన్నకి చెప్పకు."

"ఎందుకే? సంతోషిస్తారు కదా."

"చెప్తే రెండే జరుగుతాయి. వద్దంటాడు, లేకపోతే ఎలా పాడాలో చెప్తాడు. నాకా రెండోదంటేనే భయం." నవ్వబోయి ఆగిపోయింది. "నాకిది కావాలమ్మా. ఇప్పటిదాకా ఏదీ ఇంతలా కావాలనుకోలేదు. వస్తే నా గొంతుతో రావాలి, పోతే నా గొంతుతో పోవాలి."

నిజమే, అది ఏదీ అడిగే పిల్ల కాదు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా తమ్ముడు ఎప్పుడూ ఎగతాళి చేస్తాడు. అయినా సరే, ఈ ఒక్క విషయంలో నోరు కుట్టేసుకుంటానని దానికి మాటిచ్చాను.

ఇద్దరం కలిసే వెళ్ళాం. పెద్ద మేడలో పై అంతస్తు గది. గోడల నిండా ఫోమ్ అంటించారు. అంచులు సరిగ్గా కొయ్యలేదు, ఎవడో చేతగానివాడి పని. లోపల పెద్దగిటారు, డ్రమ్ములాయన, ఇంకో ఇద్దరు ఉన్నారు. ఇన్నేళ్ళూ గోడమీది బొమ్మలో చూసిన మనిషి ఎదురుగా, పొట్ట కాస్త ముందుకొచ్చి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని కూర్చున్నాడు. ఈ మనిషినా నా మొగుడు రోజూ దుమ్మెత్తిపోసేది అని జాలేసింది.

"ఏం పాడతావమ్మా?" అని అడిగాడు.

"వాన పాటండి."

వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఆ పాట మేమే మర్చిపోయాం కదమ్మా," అంటూ గిటారు అందుకున్నాడు. కాసేపు తడుముకున్నాక దారి దొరికింది. అమ్మాయి అందుకుంది.

నాకు సంగీతం తెలియదు. కానీ అది నోరు తెరిచాక ఆ గదిలో ఎవరూ అటూ ఇటూ కదల్లేదు, అది మాత్రం చూశాను. మొదటి చరణం అయింది, రెండోది అయింది. పల్లవి మళ్ళీ ఎత్తుకుని, నెమ్మది నెమ్మదిగా తగ్గిస్తూ మా ఇంట్లో ముగిసినట్టే ముగించింది. బ్యాండు ముగించలేదు. వాళ్ళు హుషారుగా ఇంకో మెట్టు ఎక్కి ముందుకు పోయారు. ఇది నోరు మూసుకుని నిలబడింది. కాస్త దూరం పోయాక వాళ్ళూ ఒక్కొక్కరే ఆగారు.

"మూడో చరణం మర్చిపోయావా?" అన్నాడు పెద్దగిటారు.

"మూడోదా? ఈ పాటకి రెండే కదండీ."

డ్రమ్ములాయన నవ్వాడు. "రాసినాయన్ని పట్టుకుని రెండే అంటావేంటమ్మా?"

"లేదండీ, చిన్నప్పట్నుంచీ వింటున్నాను. వీధి ఖాళీ అవుతుంది, అంతే, అయిపోతుంది." దాని గొంతులో మొండితనం వాళ్ళ నాన్నదే.

నాకు అప్పుడు వెలిగింది. చెబుదామా వద్దా అని మింగలేక కక్కలేక కుర్చీ అంచుకు జరిగాను. ఈలోగా పెద్దగిటారు తన ఫోన్‌లో ఆ పాత పాట వెతికి, దాని చేతికిచ్చాడు.

అది వింటూ నిలబడింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న పాటలో ఎన్నడూ వినని చరణం. వాన వెలిసిపోతుంది, వీధి మలుపులో గొడుగు కనిపిస్తుంది. "తలుపు తీసే ఉంచావా, తడిసి వచ్చాను" అంటాడు ఆ మనిషి. పాట అయిపోయాక కూడా ఫోన్ తిరిగివ్వలేదు.

"అయితే ఆయన వచ్చాడా?" అంది చిన్న గొంతుతో.

"వచ్చాడమ్మా," అన్నాడు పెద్దగిటారు. నవ్వలేదు ఆయన. "మా అమ్మ గురించి రాసిన పాట అది. మా నాన్న ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు. కానీ వచ్చేవాడు. అసలు నీకు రెండే చరణాలని ఎవరు చెప్పారు?"

అమ్మాయి నా వంక చూసింది. "మా ఇంట్లో కాపీ అలా ఉందండీ," అంది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. తండ్రి పరువు అంత ఒడుపుగా కాపాడింది. నాకు దాన్ని చూస్తే గర్వమేసింది, వాళ్ళ నాన్నను తలుచుకుంటే ఒళ్ళు మండింది.

"గొంతు బాగుంది," అన్నాడాయన చివరికి. "ఆ చరణం నేర్చుకుని ఈ వారంలోనే రా. రికార్డు చేద్దాం. ఇంకొక అమ్మాయి కూడా నాకు నచ్చింది. ఆమెను కూడా ఇదే పాట పాడమంటాను. నీ పుణ్యమా అని ఇది మళ్ళీ గుర్తొచ్చింది."

బస్సులో వస్తున్నంతసేపూ అది చెవుల్లో ఆ పాట పెట్టుకునే ఉంది. "ఇంటికి వెళ్ళనీ, ఆ ముగ్గురి పని పడతా. కత్తెరలన్నీ కాలవలో పారేస్తా," అన్నాను.

"వద్దమ్మా. ఇప్పుడు చెప్తే ఆయన బాధపడతాడు, తర్వాత బోధిస్తాడు. నాకు రెండింటికీ టైము లేదు," అంది.

మందుల షాపులో తీరిక దొరికినప్పుడల్లా నేర్చుకుంది. చెప్పిన రోజుకు వెళ్ళి పాడి వచ్చింది. ఎలా పాడావే అంటే, "రెండు చరణాలు నావి. మూడోది ఇంకా అద్దెకున్నట్టే ఉంది," అంది.

తర్వాత పెద్దగిటారు ఒక పని చేశాడు. విసిగిపోయి చేశాడో, వేడుకకు చేశాడో నాకు తెలియదు. ఇద్దరి పాటలూ పేర్లు లేకుండా, మొదటి గొంతు, రెండో గొంతు అని పేజీలో పెట్టాడు. "ఏళ్ళ తరబడి మేమేం చేసినా తప్పంటున్నారు. ఈసారి మీరే విని చెప్పండి. మీరు ఎవరంటే వాళ్ళనే తీసుకుంటాం," అని రాశాడు.

మా సభకు ఆ రోజు పట్టపగ్గాల్లేవు. ముగ్గురూ భోజనం కూడా సరిగ్గా చెయ్యకుండా వచ్చి కూర్చున్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. నేను మిషను దగ్గర ఒక కుర్చీ గుడ్డకు అంచు వెంట పైపింగ్ కుడుతున్నాను. రెండో గొంతు మా పిల్లదని నాకు తెలుసు. చెప్పనని మాటిచ్చాను. నాకున్న ఆశ ఒక్కటే. వినగానే ఆయనే గుర్తుపడతారు. డ్రమ్ములాయన కర్రలు మారిస్తే కనిపెట్టే మనిషి, కన్నకూతురి గొంతు గుర్తుపట్టడా?

మొదటి గొంతు విన్నారు. "బాగా ఆరితేరిన గొంతు," అన్నాడు భూతద్దం. "వంక పెట్టడానికి లేదు, అదే దాని వంక," అన్నాడు తమ్ముడు.

రెండోది పెట్టారు. నేను మిషను ఆపేశాను. మా ఆయన కళ్ళు మూసుకున్నారు. మొదటి చరణంలో తల ఊగింది. రెండో చరణంలో, "అబ్బ. ఈ పిల్లకి ఎదురుచూడ్డం తెలుసు," అన్నారు. ఇప్పుడు కళ్ళు తెరుస్తారు, ఇప్పుడు నా వైపు తిరుగుతారు అనుకున్నాను.

మూడో చరణం వచ్చింది. ఆయన నొసలు ముడుచుకున్నాయి. చెయ్యెత్తి పాట ఆపించారు.

"చూశారా? ఇక్కడ పడిపోయింది."

"శ్రుతి తప్పలేదే," అన్నాడు భూతద్దం.

"శ్రుతి సంగతి కాదు బ్రదర్. నమ్మకం లేదు. ఆ మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే, ఈ పిల్ల ఇంకా వీధిలోకే చూస్తోంది."

"ఆ చరణం అదనమనేగా బావా మనం కోసేసింది?" అన్నాడు తమ్ముడు.

"అది వేరు. ఉంచాలా తియ్యాలా అన్నది మన ఇష్టం. పాడినప్పుడు మాత్రం నమ్మి పాడాలి." ఫోన్ తీసి పేజీలో రాయడం మొదలుపెట్టారు. రాస్తూనే పైకి చదివారు. "మొదటి గొంతుకే నా ఓటు. రెండో అమ్మాయికి మంచి గొంతుంది, కానీ మూడో చరణం ఆమెది కాదు. ఎవరు నేర్పారో గానీ, సగం పాటే నేర్పారు." వేలు నొక్కారు. పోయింది.

అన్నిటికన్నా నన్ను కోసిన సంగతేమిటంటే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

"మా నాన్న," అని వినిపించింది.

వెనక గుమ్మంలో అమ్మాయి నిలబడి ఉంది. షాపు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లకోటు కూడా విప్పలేదు. ఎప్పటి నుంచి వింటోందో.

"ఏంటే?" అన్నారు ఆయన.

"ఎవరు నేర్పారో అన్నావుగా. మా నాన్న నేర్పాడు."

ముందు అర్థమైంది మా తమ్ముడికి. కోసిన చెయ్యి వాడిదే మరి. కంప్యూటరు మీద నుంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భూతద్దం కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన ఫోన్ వంక చూశారు, కూతురి వంక చూశారు, మళ్ళీ ఫోన్ వంక చూశారు.

"రెండోది... నువ్వా?"

నేనింక ఆగలేకపోయాను. మాటిచ్చిన గడువు తీరిందని నాకు నేనే చెప్పుకున్నాను. "అదే! ఎవడి గిటారులో ఏ తీగ వదులైందో తెలుస్తుంది మీకు. ఇంట్లో పెరిగిన గొంతు తెలీదు. ఎలా తెలుస్తుంది? ఎప్పుడు నోరు తెరిచినా ఆపమనేవారు. పాడటానికి వెళ్ళి, పాటకి రెండే చరణాలని ఆ రాసినాయనతోనే వాదించింది పిచ్చిది. ఇంట్లో వాళ్ళ నాన్న కోసిపెట్టింది తిని పెరిగిందిగా!"

ఆయన కంగారుగా ఫోన్ మీద వేళ్ళు ఆడించారు. "తీసేస్తా. ఇప్పుడే తీసేస్తా. రెండో గొంతే బాగుందని రాస్తా."

అమ్మాయి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "తియ్యొద్దు. నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఉంటే తియ్యి."

"నా మాట చూసి ఓట్లు అటు పడతాయే."

"పడనీ. నీకు అనిపించింది నువ్వు రాశావు."

"నువ్వని తెలీక రాశానే!"

"తెలిస్తే అబద్ధం రాసేవాడివి," అంది. చెయ్యి వదిలేసి పైకి వెళ్ళిపోయింది.

ఓట్లు అటే పడ్డాయి. మొదటి గొంతునే తీసుకున్నారు. ఆయన రాసిన ముక్క వల్లే పడ్డాయా, ఎలాగూ పడేవా అన్నది ఎవరూ తేల్చలేరు. నేను కూడా తేల్చదలచుకోలేదు. ఆ కబురు వచ్చినరోజు అమ్మాయి స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి ధారగా వదిలి ఏడ్చింది. నేను బయట గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చాను. ఆ ఉద్యోగం అంత మంచిదని కాదు. పిల్ల మొదటిసారి ఒకటి కావాలని అడిగింది, అది అందేంత దూరంలోకి వచ్చి పోయింది.

ఆయన కింద వర్క్‌షాపులో ఉండిపోయారు. నేను దిగి వెళ్ళి చూస్తే, అటక మీది అట్టపెట్టెలు దింపి అసలు సీడీలన్నీ నేలమీద పరుచుకుని ఉన్నారు. కోపంగా నాలుగు మాటలు అందామని వెళ్ళినదాన్ని, ఆ మొహం చూసి అనలేకపోయాను.

తరువాతి సెలవురోజుకల్లా పేజీ అంతా గాలి తిరిగింది. ఓట్లేసిన మహానుభావులే, కొత్తావిడ పాట వినగానే, "తప్పు చేశారు, రెండో అమ్మాయిని తీసుకోవాల్సింది," అని గోల. భూతద్దం ఆ గోల మోసుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"చూశావా చెల్లెమ్మా? లోకమంతా మనమ్మాయి వైపే. మనవాళ్ళు పొరపాటు చేశారు."

మా ఆయన తలెత్తలేదు. ఒక కుర్చీ చట్రానికి పిన్నులు కొడుతున్నారు. షాపుకు బయల్దేరుతున్న అమ్మాయి మెట్ల దగ్గర ఆగింది.

"లేదు బాబాయ్. సరైనావిడనే తీసుకున్నారు. ఆవిడ పాట మొత్తం పాడింది," అంది.

మా ఆయన చేతిలో పనిముట్టు కింద పెట్టారు. గొంతు సవరించుకున్నారు, ఇంకోసారి సవరించుకున్నారు.

"ఒకసారి పాడవే," అన్నారు.

"ఏంటి?"

"వాన పాట. మొత్తం."

పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఆయన పాడమనడం అదే మొదలు. అది సంచి నేలమీద పెట్టి, గుడ్డ లేని సోఫాకు ఆనుకుని పాడింది. వెనక గిటారు లేదు, డ్రమ్ములు లేవు. తమ్ముడు తల వంచుకుని విన్నాడు. ఆయన కళ్ళు మూసుకోలేదు ఈసారి. కూతుర్నే చూస్తూ విన్నారు. మొదటి చరణం, రెండోది, మూడోది. మధ్యలో ఆపలేదు.

అయిపోయాక ఏదో అనబోయి నోరు మూసుకున్నారు.

"చెప్పు నాన్నా," అంది అమ్మాయి. "చెప్పకపోతే నీకు తిండి సయించదు."

"బాగుంది."

"ఇంకా?"

ఆయన నా వంక చూశారు, నేనేమన్నా కాపాడతానేమోనని. నేను కాపాడలేదు.

"మూడోదాంట్లో..." అన్నారు మెల్లగా, "ఇంకా నమ్మకం కుదర్లేదే. ఆయన వచ్చాడంటే నువ్వు నమ్మట్లేదు."

అమ్మాయికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. వంగి సంచి తీసుకుని భుజాన వేసుకుంది.

"నాకు మొన్ననేగా నాన్నా తెలిసింది, ఆయన వచ్చాడని," అంది.